ఒకే ఫాల్ట్ అడుగున నార్మల్, పైన రివర్స్: బేసిన్ సాగిందా, నొక్కుకుందా?

తర్వాత చదివేవారి కోసం ముందుగా ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. ఒక అవక్షేప బేసిన్‌కు (మట్టి, ఇసుక పొరలుగా పేరుకున్న పల్లానికి) అడ్డంగా తీసిన సైస్మిక్ సెక్షన్‌లో (తరంగాలు పంపి నేల లోపలి పొరల్ని చూపే నిలువు కోత బొమ్మలో) సుమారు 60 డిగ్రీల వాలు ఉన్న పెద్ద ఫాల్ట్ (రాతి పొరలు తెగి జరిగిన పగులు) ఒకటి ఉంది. అడుగు పొరల్లో చూస్తే హ్యాంగింగ్ వాల్ (వాలు ఫాల్ట్‌కు పైనున్న పక్క; కిందున్న పక్కను ఫుట్ వాల్ అంటారు) కిందికి జారింది, అంటే నార్మల్. పై పొరల్లో చూస్తే అదే హ్యాంగింగ్ వాల్ పైకి లేచింది, అంటే రివర్స్. మధ్యలో ఒకచోట పొర ఫాల్ట్‌కు రెండు పక్కలా ఒకే మట్టంలో ఉంది. హ్యాంగింగ్ వాల్ మీద పొరలు గుమ్మటంలా వంగి ఉన్నాయి. అడుగు నుంచి మూడో యూనిట్ (పొరల గుంపు) అయిన షేల్‌లో (బురద గట్టిపడిన రాతిలో) లెక్కలేనన్ని చిన్న ఫాల్ట్‌లున్నాయి. మీ గైడ్ చూసి "ఒకే ఫాల్ట్ రెండు రకాలుగా ఎలా జరుగుతుంది, హొరైజన్లు తప్పుగా పట్టావు, మళ్లీ చెయ్యి" అన్నారు. బేసిన్ సాగిందా, నొక్కుకుందా అని మీరు అడుగుతున్నారు.

రెండూ జరిగాయి, ఒకదాని తర్వాత ఒకటి. మీ పికింగ్ (సెక్షన్‌లో హొరైజన్లను, అంటే పొరల హద్దుల్ని, పట్టి గీయడం) సరైనదే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఈ మాట ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఫాల్ట్ బొమ్మతో పాటు పొరల మందాలు కూడా ఇచ్చారు. ఫాల్ట్ దగ్గర పొర ఎంత ఎత్తున తెగిందన్నది ఆ పొర పడినప్పటి నుంచి ఇప్పటిదాకా జరిగిన కదలికలన్నీ కలిపిన మొత్తం మాత్రమే. అందులో కూడికలూ తీసివేతలూ కలిసిపోయి ఉంటాయి. ఏ కాలంలో ఏం జరిగిందో చెప్పేది మందమే. ఫాల్ట్ కదులుతుండగా పేరుకున్న మట్టి, జారిన పక్కన లోతెక్కువ కాబట్టి మందంగా పడుతుంది, లేచిన పక్కన పలచగా పడుతుంది.

మీ అంకెల్నే తీసుకుందాం. అడుగు నుంచి పైకి నాలుగు యూనిట్లు. మొదటిది ఫాల్ట్‌కు రెండు పక్కలా 400 మీటర్లు. రెండోది హ్యాంగింగ్ వాల్‌లో 1200, ఫుట్ వాల్‌లో 800. మూడోది రెండు పక్కలా 500. నాలుగోది హ్యాంగింగ్ వాల్‌లో 250, ఫుట్ వాల్‌లో 400. నాలుగో దాని పై కప్పు దాదాపు చదునుగా, తెగకుండా ఉంది.

మొదటి యూనిట్ పడేనాటికి ఫాల్ట్ లేదు, ఉన్నా కదల్లేదు. రెండో యూనిట్ పడుతుండగా హ్యాంగింగ్ వాల్ 400 మీటర్లు అదనంగా దిగింది. 1200ని 800తో భాగిస్తే 1.5 వస్తుంది. దీన్నే ఎక్స్‌పాన్షన్ ఇండెక్స్ అంటారు, 1963లో థోర్సెన్ గల్ఫ్ తీరపు గ్రోత్ ఫాల్ట్‌ల కోసం వాడిన పద్ధతి. ఒకటి కంటే ఎక్కువ వస్తే ఆ కాలంలో ఫాల్ట్ నార్మల్‌గా కదిలినట్టు. మూడో యూనిట్‌కు ఇది సరిగ్గా ఒకటి, అంటే ఫాల్ట్ నిద్రపోయింది. నాలుగో దానికి ఒకటి కంటే తక్కువ. హ్యాంగింగ్ వాల్ 150 మీటర్లు లేస్తుండగా దాని నెత్తిన పలచగా మట్టి పడింది.

ఇప్పుడు పై నుంచి కిందికి దిగండి. నాలుగో యూనిట్ కప్పు చదునుగా ఉంది కాబట్టి, దాని అడుగు హ్యాంగింగ్ వాల్‌లో 150 మీటర్లు ఎత్తున ఉండాలి. అంటే రివర్స్. మూడో యూనిట్ అడుగున కూడా అదే 150, ఎందుకంటే మూడో దాని మందంలో తేడా లేదు. రెండో యూనిట్ అడుగుకు వచ్చేసరికి 400 మీటర్ల పాత దిగుడులోంచి 150 మీటర్ల లేవడం పోగా 250 మీటర్లు నార్మల్‌గా మిగులుతుంది. మొదటి యూనిట్ అడుగున కూడా అదే 250. మీ సెక్షన్‌లో మీరు కొలిచింది కూడా ఇదే కదా.

మరి జరుగుడు సున్నా అయ్యే చోటు? దీన్ని నల్ పాయింట్ అంటారు. అది రెండో యూనిట్‌లో, హ్యాంగింగ్ వాల్ వైపు ఆ యూనిట్ కప్పు నుంచి 450 మీటర్ల లోతున, ఫుట్ వాల్ వైపు 300 మీటర్ల లోతున పడాలి. హ్యాంగింగ్ వాల్‌లో 250, 500, 450 కూడండి, 1200. ఫుట్ వాల్‌లో 400, 500, 300 కూడండి, అదీ 1200. రెండు పక్కలా ఒకే లోతు. మీరు పంపిన బొమ్మలో సున్నా జరుగుడు చోటు రెండో యూనిట్ పై సగంలోనే ఉంది. తప్పుగా పట్టిన హొరైజన్లు ఇంత పొందికగా అమరవు. మీ గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు రంగుల బొమ్మ కంటే ముందు ఈ లెక్క తీసుకెళ్లండి. (అవక్షేపాల కుదింపును ఇక్కడ పక్కన పెట్టాను. మందంగా ఉన్న పక్క ఎక్కువ కుదించుకుపోతుంది కాబట్టి అసలు దిగుడు 400 కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. కథ మాత్రం మారదు.)

దీన్నే బేసిన్ ఇన్వర్షన్ అంటారు. సాగి, కుంగి, మట్టితో నిండిన బేసిన్ ఆ తర్వాత పక్కల నుంచి ఒత్తిడి వచ్చి, అవే ఫాల్ట్‌ల మీద వెనక్కి ఎగదోసుకోవడం. మధ్యలో ఫాల్ట్ నిద్రపోయిన కాలాన్ని కూడా చిన్నచూపు చూడకండి. ఫాల్ట్ ఆగిపోయినా 500 మీటర్ల మూడో యూనిట్ ఎలా పడింది? 1978లో మెకంజీ ఇచ్చిన వివరణ ఇక్కడ సరిపోతుంది. లితోస్ఫియర్ (భూమి గట్టి పై పెంకు) సాగి పలచబడినప్పుడు అడుగునున్న వేడి పైకి దగ్గరవుతుంది. సాగడం ఆగాక ఆ వేడి కోట్ల ఏళ్లపాటు నెమ్మదిగా చల్లారుతూ, నేల బరువెక్కి కుంగుతూ ఉంటుంది. అప్పుడు ఫాల్ట్‌లతో పని లేదు, బేసిన్ మొత్తం సాసర్‌లా దిగుతుంది. ఉత్తర సముద్రపు వైకింగ్ గ్రాబెన్ (ఫాల్ట్‌ల మధ్య కుంగిన లోయ) మీద క్రెటేషియస్, టెర్షియరీ పొరలు పాత ఫాల్ట్ బ్లాకుల్ని దుప్పటిలా కప్పుకుని ఉండడం ఇందువల్లే.

మీ గైడ్ సందేహానికి మరో ముఖం ఉంది, అది గౌరవించాల్సిన సందేహం. 60 డిగ్రీల నిటారు ఫాల్ట్ రివర్స్‌గా కదలడం యాంత్రికంగా కష్టం. 1905లోనే ఆండర్సన్ చెప్పిన సంగతి ఇది: నేల సాగేచోట కొత్తగా పుట్టే ఫాల్ట్ సుమారు 60 డిగ్రీల వాలుతో, నొక్కుకునేచోట సుమారు 30 డిగ్రీల వాలుతో పుడుతుంది. పక్కల నుంచి ఒత్తిడి వస్తున్నప్పుడు 60 డిగ్రీల పాత ఫాల్ట్ ఆ ఒత్తిడికి చాలా ప్రతికూలంగా నిలబడి ఉంటుంది. రాపిడి గుణకం 0.6 అనుకుంటే, ఇంచుమించు ఆ కోణం దగ్గరే ఫాల్ట్ బిగుసుకుపోతుందని 1985లో సిబ్సన్ లెక్క కట్టి చూపాడు. అయినా ఇలాంటివి ప్రపంచమంతా కదిలాయి. కారణాలు కొన్ని ఉన్నాయి. ఫాల్ట్ సందులో నీటి పీడనం బాగా పెరిగితే రెండు గోడల్నీ అదిమిపట్టే బలం తగ్గుతుంది. ఫాల్ట్ వెంట షేల్ పూతలా రాసుకుపోయి ఉంటే రాపిడి తగ్గుతుంది. ఫాల్ట్ లోతుకు పోయేకొద్దీ వంపు తిరిగి చదునైతే, అంటే లిస్ట్రిక్ అయితే, అడుగు భాగం తేలిగ్గా కదిలి పై భాగాన్ని తోసుకొస్తుంది. ఒత్తిడి ఫాల్ట్‌కు సూటిగా కాకుండా ఏటవాలుగా వస్తే కొంత పక్కకు జరుగుతూ కొంత లేస్తుంది.

ఏదీ కుదరకపోతే నేల ఇంకో దారి వెతుక్కుంటుంది. పాత ఫాల్ట్‌ను కొంత లోతు వరకే వాడుకుని, పైన ఫుట్ వాల్‌ను కోసుకుంటూ తక్కువ వాలుతో కొత్త థ్రస్ట్ (రివర్స్ ఫాల్ట్) పుట్టిస్తుంది. దాన్ని ఫుట్ వాల్ షార్ట్‌కట్ అంటారు. మీ సెక్షన్‌లో ఫుట్ వాల్ వైపు, రెండో యూనిట్ ఎత్తున, రిఫ్లెక్షన్లు (పొరల నుంచి తిరిగొచ్చిన తరంగాల గీతలు) చిన్నగా విరిగి వాలుగా తెగిన చోటు ఒకటి నాకు కనిపించింది. మీరు దాన్ని గీయలేదు. మళ్లీ చూడండి. అది నిలబడితే మీ వాదనకు అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

నిజమైన నేల మీద ఇది చూడాలంటే ఇంగ్లండ్ దక్షిణాన వెసెక్స్ బేసిన్ మంచి పాఠం. పెర్మియన్, ట్రయాసిక్ కాలాల నుంచి తొలి క్రెటేషియస్ దాకా అది సాగుతూ కుంగింది. ఆ తర్వాత సెనోజోయిక్‌లో ఆల్ప్స్ పర్వతాలు లేస్తున్న కాలపు ఒత్తిడికి అవే ఫాల్ట్‌లు తిరగబడ్డాయి. ఐల్ ఆఫ్ వైట్ పడమటి కొసన నీడిల్స్ అనే తెల్లని చాక్ రాళ్లు సముద్రంలోకి వరుసగా నిలబడి ఉంటాయి. వాటి పొరలు దాదాపు నిలువుగా ఉంటాయి. సముద్రపు అడుగున చదునుగా పడిన చాక్ అది. కింద పాత నార్మల్ ఫాల్ట్ వెనక్కి లేస్తూ దాన్ని అలా నిలబెట్టింది. అదే బేసిన్‌లో 1973లో దొరికిన విచ్ ఫార్మ్ చమురు క్షేత్రం పశ్చిమ యూరప్‌లో సముద్రంలో కాక నేల మీదున్న క్షేత్రాల్లోకెల్లా పెద్దది. అది తిరగబడిన హ్యాంగింగ్ వాల్‌లో లేదు, కదలని ఫుట్ వాల్ వైపు, సాగిన నాటి వంపు చెక్కుచెదరకుండా మిగిలిన బ్లాకులో ఉంది.

మన దగ్గర కచ్ బేసిన్ ఇదే జాతిది. గోండ్వానా విడిపోతున్న మెసోజోయిక్ కాలంలో రిఫ్ట్‌గా (నేల సాగి చీలిన లోయగా) తెరుచుకుంది, భారత ఫలకం ఆసియాను గుద్దుకున్నాక ఉత్తర దక్షిణాల ఒత్తిడికి లోనై తిరగబడింది. 1819లో అక్కడ వచ్చిన భూకంపానికి నేల లేచి, అల్లా బంద్ అని స్థానికులు పిలిచే పొడవాటి గట్టు ఏర్పడింది, సింద్రీ కోట ఉన్న పక్క కుంగి నీట మునిగింది. 2001 జనవరి 26న 7.7 తీవ్రతతో వచ్చిన భుజ్ భూకంపం కూడా సుమారు 20 కిలోమీటర్ల లోతున, నిటారు ఫాల్ట్ మీద రివర్స్‌గా జరిగిన కదలికే. అంత పెద్ద కదలికకు నేల మీద స్పష్టమైన ఫాల్ట్ చీలిక కనిపించలేదు. ఇన్వర్షన్ అంటే పాత రాళ్ల గురించిన పుస్తకాల్లో ముగిసిన కథ అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణ చెబుతాను. నిద్రపోయిన రిఫ్ట్ ఫాల్ట్ చచ్చిపోయిన ఫాల్ట్ కాదు. దాని మీద ఊళ్లుంటాయి.

ఇక మీ ఇంటర్‌ప్రిటేషన్‌ను పడగొట్టగల అనుమానాల సంగతి. వీటిని మీరే ముందు పరీక్షించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వేగం. మీరు సెక్షన్ మొత్తానికి ఒకే వెలాసిటీ ఫంక్షన్‌తో (ఏ లోతున తరంగ వేగం ఎంతో చెప్పే సూత్రంతో) లోతులు లెక్కగట్టానని రాశారు. ఒక పక్క 500 మీటర్ల సున్నపురాయి, వేగం సెకనుకు 5000 మీటర్లు. రెండో పక్క అంతే మందం షేల్, వేగం 2500. సున్నపురాయిని తరంగం దాటి తిరిగొచ్చేసరికి 200 మిల్లీసెకన్లు, షేల్‌ను దాటి తిరిగొచ్చేసరికి 400. సున్నపురాయి కింద ఉన్న ప్రతి హొరైజన్ 200 మిల్లీసెకన్లు పైకి లేచినట్టు కనిపిస్తుంది, షేల్ వేగంతో లెక్కిస్తే అది 250 మీటర్లు. లేని ఫాల్ట్ జరుగుడును అంతమేర పుట్టించడానికి, ఉన్నదాన్ని చెరిపేయడానికి ఇది చాలు. మీ దగ్గర ఫాల్ట్‌కు చెరో పక్క ఒక్కో బావి ఉంది కదా, రెండింటి సోనిక్ లాగ్‌లతో (బావిలో లోతువారీగా తరంగ వేగం కొలిచిన గీతలతో) విడివిడిగా వేగం తీసుకుని మళ్లీ లోతులు కట్టండి. ఇది చేయకుండా గైడ్ దగ్గరికి వెళ్లవద్దు.

రెండోది, ఇది స్ట్రైక్ స్లిప్ కాదు కదా అన్న అనుమానం. పక్కకు జరిగే ఫాల్ట్‌ల మీద కూడా ఒక పొరలో నార్మల్, ఇంకో పొరలో రివర్స్ కనిపిస్తాయి, ఫ్లవర్ స్ట్రక్చర్లు (పైకి పోయేకొద్దీ పువ్వులా విచ్చుకునే ఫాల్ట్‌ల గుంపులు) వస్తాయి. కాని డెడ్ సీ ఫాల్ట్‌లా వంద కిలోమీటర్లు జరిగిపోతే, ఎక్కడెక్కడివో బ్లాకులు వచ్చి పక్కపక్కన నిలబడతాయి, పొరల మందాలు ఒకదానికొకటి సరిపోవు. మీ మొదటి, మూడో యూనిట్లు రెండు పక్కలా సమానంగా ఉన్నాయి. కొద్దిపాటి పక్క జరుగుడు ఉండొచ్చు, పెద్దది మాత్రం కష్టం. పక్కనున్న సమాంతర లైన్లన్నిటిలో రెండో యూనిట్ ఒకే వైపు మందంగా ఉంటే ఈ అనుమానం తీరినట్టే.

మూడోది, గుమ్మటం నిజంగా నొక్కుడు వల్ల వచ్చిందా అన్నది. గట్టి రాతి దిబ్బ మీద మెత్తని షేల్ పడి కుదించుకుపోయినా పొరలు వంగుతాయి, అందులో టెక్టానిక్ ఒత్తిడి ఏమీ ఉండదు. తేడా తేలిగ్గానే తెలుస్తుంది. కుదింపు వంపు ఎత్తుగా ఉన్న ఫుట్ వాల్ మీద వస్తుంది. ఇన్వర్షన్ అపనతి (పొరలు పైకి గుమ్మటంలా వంగిన మడత), ఒకప్పుడు లోతుగా ఉన్న హ్యాంగింగ్ వాల్ మీద వస్తుంది. మీది హ్యాంగింగ్ వాల్ మీద ఉంది. బేసిన్‌లో అన్నిటికంటే లోతైన గొయ్యి ఇప్పుడు కొండలా నిలబడడాన్ని నేను ఎన్నిసార్లు చూసినా కాసేపు ఆగి చూస్తాను.

నాలుగో యూనిట్ అంచుల్ని కూడా దగ్గరగా చూడండి. అపనతి వైపు వెళ్లేకొద్దీ దాని రిఫ్లెక్షన్లు అడుగు తలానికి ఒక్కొక్కటే ఆని ఆగిపోతున్నాయా, లేక పై కప్పు దగ్గర కత్తిరించినట్టు తెగుతున్నాయా? ఆని ఆగితే అది ఆన్‌ల్యాప్, మట్టి పడుతుండగానే హ్యాంగింగ్ వాల్ లేస్తోందని అర్థం. పైన తెగితే, ముందు సమానంగా పడి, తర్వాత లేచి, నెత్తి కోతకు గురైందని అర్థం. రెండింట్లోనూ 250 మీటర్లే మిగులుతుంది, కాని కదలిక వయసు మారిపోతుంది. మీ ఇమేజ్‌లో నాకు ఆన్‌ల్యాప్‌లాగే తోచింది, కాని ఆ రిజల్యూషన్‌లో ఒట్టేసి చెప్పలేను. అసలు డేటాలో జూమ్ చేసి మీరే తేల్చాలి.

మూడో యూనిట్ షేల్‌లోని చిన్న ఫాల్ట్‌లను పెద్ద ఫాల్ట్‌తో కలిపి కథ అల్లవద్దు. ఒకే పొరకు పరిమితమై, పైనా కిందా చొరబడకుండా, అన్ని దిక్కులకూ ఉండే ఇలాంటివి చాలా బేసిన్లలో ఉన్నాయి. 3డి డేటా ఉంటే టైమ్ స్లైస్‌లో (అడ్డకోత బొమ్మలో) ఎండిన చెరువు బీటల్లా బహుభుజాలుగా కనిపిస్తాయి. పాలిగోనల్ ఫాల్ట్‌లు అంటారు. ఉత్తర సముద్రపు మడ్‌స్టోన్లలో వీటిని కార్ట్‌రైట్ 1994లో వివరించాడు. మెత్తని బురద నీరు వదులుతూ కుంచించుకుపోవడంతో ముడిపడినవి ఇవి, ఫలకాల తోపుడుతో కాదు. రోజ్ డయాగ్రామ్‌లో (ఫాల్ట్‌ల దిశల్ని చూపే గుండ్రటి పటంలో) ఇవి కలిస్తే మీ స్ట్రైక్ దిశలన్నీ (ఫాల్ట్‌లు సాగే దిశలన్నీ) గందరగోళమైపోతాయి, విడదీసి పెట్టండి.

బావి ఆధారం గురించి ఒక అనుభవం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బావి గామా రే లాగ్ (లోతువారీగా రాళ్ల సహజ రేడియోధార్మికతను చూపే గీత) మా బల్ల మీద పరిచి ఉంది. ఒక సున్నపురాయి పట్టీ, దాని నెత్తిన రెండు పళ్లలాంటి షేల్ గుర్తులు, కింద గంట ఆకారంలో ఇసుకరాయి. ఆ కింద దాదాపు వంద మీటర్ల దూరంలో ఇంకో సున్నపురాయి. మేం రెండు సున్నపురాళ్లని రాసేశాం, రెంటికీ వేర్వేరు పేర్లు కూడా పెట్టాం. మా సీనియర్ ఒకాయన మాట్లాడకుండా లాగ్ మీద ట్రేసింగ్ కాగితం పెట్టి పైన ఉన్న ముక్కను పెన్సిల్‌తో దించుకుని, కాగితాన్ని నెమ్మదిగా కిందికి జరిపారు. రెండు పళ్లూ, గంటా, ఒక్కో మలుపూ అచ్చంగా అతికాయి. ఒకే రాయిని బావి రెండుసార్లు తవ్వింది. రివర్స్ ఫాల్ట్ దాటిన నిలువు బావిలో పొరలు పునరావృతమవుతాయి, నార్మల్ ఫాల్ట్ దాటితే మాయమవుతాయి. ఆ రోజు నుంచి నేను ఏ లాగ్‌నైనా ముందు కళ్లతో కాదు, కాగితం జరిపి చదువుతాను.

మీ లెక్కే సరైనదైతే, నల్ పాయింట్‌కు బాగా పైన ఫాల్ట్‌ను దాటే నిలువు బావిలో సుమారు 150 మీటర్ల పొరలు రెండుసార్లు రావాలి. మొదటి యూనిట్ దగ్గర దాటే బావిలో సుమారు 250 మీటర్లు లోపించాలి. మీ రెండో బావి రెండో యూనిట్ పై భాగంలో ఫాల్ట్‌ను దాటిందని రాశారు. అది నల్ పాయింట్‌కు దగ్గర కాబట్టి అక్కడ పునరావృతం తక్కువే ఉంటుంది, కొన్ని పదుల మీటర్లు. 30 హెర్ట్జ్ తరంగం 3000 మీటర్ల వేగంతో పోతుంటే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు, అందులో పావు 25 మీటర్లు. సైస్మిక్‌కు అంతకంటే చిన్న జరుగుడు నమ్మకంగా అందదు, లాగ్‌కు అందుతుంది. కాగితం జరిపి చూడండి.

చివరగా చేయాల్సింది రిస్టోరేషన్, అంటే సెక్షన్‌ను దశలవారీగా పాత స్థితికి తిప్పి చూడడం. నాలుగో యూనిట్ కప్పుతో మొదలుపెట్టి ఒక్కో యూనిట్‌ను తీసేస్తూ, మిగిలిన దాన్ని కుదింపు సరిచేసి, ఫాల్ట్ వెంట వెనక్కి జరపండి. మూడో యూనిట్ కప్పు చదునుగా అయ్యే దశలో రెండో యూనిట్ కప్పు కూడా ఖాళీలు, అతివ్యాప్తులు లేకుండా చదునవ్వాలి. ఎక్కడైనా పొర పొడవు మిగిలిపోతే లేదా చాలకపోతే, ఆ హొరైజన్ పికింగ్‌ను మీ గైడ్ అనుమానించడం న్యాయమే. చదునైతే మాత్రం ఆయనకు బొమ్మల వరుసగా చూపించండి, సాగిన దశ, నిద్రపోయిన దశ, లేచిన దశ.

ఈ పని చమురు కోసమైతే, చమురు ఎప్పుడు కదిలిందో కూడా అదే వరుసలో పెట్టుకోండి. మూడో యూనిట్ కాలంలోనే మూలశిల (చమురు పుట్టే రాయి) పక్వమై చమురు వలస మొదలైతే, హ్యాంగింగ్ వాల్ అపనతి అప్పటికి పుట్టనే లేదు. తర్వాతి లేవడంలో పాత ఉచ్చులు (చమురు చిక్కి నిలిచే చోట్లు) చీలి ఉంటే అందులో ఉన్నదీ జారిపోయి ఉంటుంది. విచ్ ఫార్మ్ కదలని బ్లాకులో ఉండడం గుర్తుంచుకుని, మీ ఫుట్ వాల్ వైపు రెండో యూనిట్ కింద వాలిన బ్లాకుల మ్యాప్ కూడా వేయండి. రెండు బావుల వేగాలతో కొత్త లోతులు వచ్చాక ఇక్కడే పెట్టండి, నల్ పాయింట్ ఎక్కడికి జరిగిందో కలిసి చూద్దాం.